ఎల్ నిడో పడవ యాత్రలు: హైదరాబాద్‌లో అమ్ముతున్న ప్యాకేజీల మీద ఒక సమీక్ష

హిమాయత్‌నగర్ అయినా గచ్చిబౌలి అయినా, ఫిలిప్పీన్స్ అనగానే ట్రావెల్ ఏజెంట్లు చేతిలో పెట్టే కాగితం ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది. మనీలాలో ఒక రాత్రి, ప్యూర్టో ప్రిన్సెసాలో ఒక రాత్రి, ఎల్ నిడోలో రెండు రాత్రులు. కింద ఒక మూల "టూర్ ఏ, టూర్ సి". ఆ "ఏ" ఏమిటో, "సి" ఏమిటో, ఏ నెలలో ఏది పనికొస్తుందో, ఎవరికి ఏది పనికిరాదో కాగితంలో కనపడదు. జనం డబ్బు కట్టేది మాత్రం వాటి కోసమే.

అందుకే ఈ సమీక్ష హోటల్ గదుల గురించి కాదు, ఆ అక్షరాల గురించి. తీర్పు ముందే చెప్పేస్తున్నాం. ఎల్ నిడో పడవ యాత్రలకు అయిదుకి నాలుగున్నర. రెండు రాత్రుల్లో వాటిని కుక్కి ఇచ్చే ప్యాకేజీకి అయిదుకి రెండు. ఇంత తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే మ్యాపు ముందు పెట్టుకోవాలి.

ఎల్ నిడో పలావాన్ ద్వీపానికి ఉత్తరపు కొసన ఉంది. మనీలాకి నైరుతిగా సుమారు 420 కిలోమీటర్లు, ప్యూర్టో ప్రిన్సెసాకి ఈశాన్యంగా సుమారు 238 కిలోమీటర్లు. అక్కడి లెక్కలో అది మున్సిపాలిటీ, కానీ మన మున్సిపాలిటీలా ఒక ఊరిని ఊహించుకోవద్దు, మండలం అనుకుంటే సరిపోతుంది. మన గ్రామ పంచాయతీల్లాంటి బరంగాయ్‌లు 18 ఉంటే వాటిలో నాలుగే పట్టణం. 2020 జనాభా లెక్కల్లో మొత్తం 50,494 మంది. పరిధిలో 45 ద్వీపాలు. పట్టణం తరావ్ అనే సున్నపురాయి కొండ కింద, బకుయిట్ అఖాతం ఒడ్డున ఇరుకుగా పరుచుకుని ఉంటుంది. ఆ అఖాతం పడమటికి తెరుచుకుని ఉంటుంది. ప్యాకేజీ నిలబడేదీ కూలేదీ ఈ ఒక్క విషయం మీదే.

మనకు జూన్‌లో వానలు తెచ్చే నైరుతి ఋతుపవనమే అక్కడికీ వెళ్తుంది. అక్కడ దాన్ని హబగాత్ అంటారు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ గాలి, దాని వెనక అలలు పడమటి నుంచి నేరుగా అఖాతంలోకి వస్తాయి. సముద్రం లేచిన రోజున కోస్ట్ గార్డ్ పడవలను కదలనివ్వదు. ఏ ఆపరేటరైనా, ఎంత డబ్బు కట్టినా అంతే. నవంబరు వచ్చేసరికి గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, దాని పేరు అమిహాన్. అప్పుడు పలావాన్ కొండలే అఖాతానికి అడ్డుగోడ. డిసెంబరు, జనవరి నెలల్లో అమిహాన్ ఉధృతంగా వీచే రోజులు కూడా కొన్ని తగులుతాయి, కానీ హబగాత్ నెలలతో పోలికే లేదు.

దీన్ని మన సెలవులతో కలిపి చూస్తే, దసరా సెలవుల్లో ఎల్ నిడో ప్యాకేజీ కొనడం అంటే వాన మీద పందెం కాయడమే. ధర తక్కువగా కనిపించేది కూడా అందుకే. సంక్రాంతి సెలవులు మంచివి. ఏప్రిల్ చివరి వారం, మే మొదటి పది రోజులు ఇంకా మంచివి. ఎండ మండుతుంది గానీ సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది, ఈత రానివాళ్ళకి అంతకు మించిన సమయం లేదు. మే నెల చివరికి వానలు మొదలవుతాయి. ఈస్టర్ ముందు వారం మాత్రం తప్పించుకోవాలి. ఫిలిప్పీన్స్ మొత్తానికి అదే పెద్ద సెలవు, గదులూ పడవలూ నిండిపోతాయి.

ఇప్పుడు రెండు రాత్రుల లెక్క చూద్దాం. మొదటి రోజు సాయంత్రానికి ఊరు చేరతారు. మూడో రోజు ఉదయమే బయల్దేరాలి. చేతిలో మిగిలేది ఒక్క పగలు. ఆ ఒక్క పగట్లో ఏ, సి కలిపిన మిశ్రమ యాత్ర చూపిస్తారు. అంటే రెండింటిలోంచీ తలా కొన్ని మజిలీలు ఏరి, ఒక్కో చోట అరగంటో ముప్పావు గంటో. ఆ రోజు కోస్ట్ గార్డ్ పడవలు ఆపితే ఇంక మరో రోజు లేదు. స్థానిక ఆపరేటర్లు మామూలుగా మర్నాటికి మార్చి ఇస్తారు, కానీ మర్నాడు మీరు వ్యాన్‌లో ఉంటారు. కనీసం నాలుగు రాత్రులు ఉండాలి. ప్యూర్టో ప్రిన్సెసా రాత్రి తీసేసి ఎల్ నిడోకి కలపమని, దాని మీద ఇంకొక్క రాత్రి పెంచమని అడగండి. ప్యూర్టో ప్రిన్సెసా భూగర్భ నది చూసి తీరాల్సిందే అంటే మాత్రం దానికి వేరే రోజు కావాలి. 8.2 కిలోమీటర్ల ఆ నది సబాంగ్ దగ్గర ఉంది, ఎల్ నిడో దారిలో తగిలేది కాదు.

యాత్రలు నాలుగు, పేర్లు ఏ, బి, సి, డి. ఏ ఆపరేటర్ దగ్గరికి వెళ్ళినా అవే పేర్లు, ఇంచుమించు అవే మజిలీలు. ఉదయం తొమ్మిది ప్రాంతంలో బయల్దేరి సాయంత్రం నాలుగు, అయిదు మధ్య తిరిగొస్తారు, మధ్యాహ్నం భోజనం ఏదో ఒక ఇసుక తీరంలో. పడవలు వెదురు రెక్కల బంగ్కాలు. రెండు పక్కలా నీటి మీద తేలే ఆ రెక్కల్ని కాటిగ్ అంటారు. వాటి వల్ల పడవ అంత తేలిగ్గా ఒరగదు. కానీ వాటి వల్లే పడవ ఒడ్డుకి ఆనుకోలేదు. మోకాలి లోతో, నడుము లోతో నీళ్ళలో నడిచి వెళ్ళి, సన్నటి నిచ్చెన మెట్లు ఎక్కాలి. రోజుకి అలా నాలుగైదుసార్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అసలు కష్టం సముద్రం కాదు, ఈ ఎక్కడం దిగడమే. ఇది కాగితంలో ఎవరూ రాయరు.

"ఏ" యాత్ర ఎక్కువమంది తీసుకునేది, తీసుకోవలసినదీ. పెద్ద లగూన్, చిన్న లగూన్ రెండూ మినిలాక్ ద్వీపంలోనే ఉన్నాయి. లగూన్ అంటే మనకు పులికాట్ గుర్తొస్తుంది, కానీ పుట్టుక వేరు. పులికాట్‌ని సముద్రం నుంచి విడదీసింది ఇసుక మేట. ఇక్కడివి సున్నపురాయి కొండ కడుపులో ఏర్పడ్డ గుంటలు. వాననీరు లక్షల ఏళ్ళు రాతిని కరిగించి గుహలు తొలిచింది, గుంటలు చేసింది. బొర్రా, బెలూం గుహల్ని చేసిన పద్ధతే ఇది. తేడా అల్లా, ఇక్కడ ఆ గుంటల్లోకి తర్వాత సముద్రం వచ్చి చేరింది. సుమారు 20 వేల ఏళ్ళ క్రితం, మంచుయుగం ముదిరి ఉన్నప్పుడు, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. అప్పుడు ఇవి ద్వీపాలు కావు, మైదానంలో గుట్టలు. కయాక్ మీద కూర్చుని పెద్ద లగూన్ గోడల్ని తలెత్తి చూసేటప్పుడు ఇది మనసులో ఉంటే చూపే మారిపోతుంది.

పెద్ద లగూన్ లోపలికి కయాక్ మీదే వెళ్ళాలి. ఇద్దరికి ఒకటి, అద్దె విడిగా. ముఖద్వారం దగ్గర నీళ్ళు తక్కువ, ఆటు సమయంలో అడుగున రాళ్ళు తగులుతాయి, లోపల మాత్రం బాగా లోతు. చిన్న లగూన్‌కి రెండు బండల మధ్య ఇరుకు సందు. పోటు ఎక్కువుంటే తల వంచాలి, తెడ్డు అడ్డం పెట్టకూడదు. రెండు లగూన్లూ ఒకే రోజు చూపిస్తారా లేదా అన్నది ఆనాటి అనుమతుల మీద ఆధారపడి ఉంటుంది, అడ్వాన్సు కట్టే ముందే అడిగి రాయించుకోండి. పది, పదకొండు మధ్య పెద్ద లగూన్ ముందు కయాక్‌లు కిక్కిరిసిపోతాయి. ఎనిమిది, పది మంది కుటుంబం కలిసి వెళ్తుంటే విడిగా పడవ మాట్లాడుకోవడం మంచిది. ఏడున్నరకే బయల్దేరి అందరికంటే ముందు లగూన్ చేరవచ్చు, భోజనం మన ఇష్టప్రకారం చేయించుకోవచ్చు.

సి యాత్ర అన్నిటికంటే అందమైనది, అన్నిటికంటే ఖరీదైనది, ఈత రానివాళ్ళకి అన్నిటికంటే ఇబ్బందైనది. మాటిన్‌లాక్, టాపియుతాన్ ద్వీపాలు అఖాతం పడమటి అంచున ఉంటాయి, వాటి అవతల బయలు సముద్రమే. ఎక్కువ దూరం కాబట్టే ధర ఎక్కువ. సీక్రెట్ బీచ్‌లోకి రాతిగోడలో ఉన్న కంత గుండా ఈది వెళ్ళాలి. అల ఉన్న రోజున ఆ కంతలో నీరు మనిషిని లోపలికి లాగి, మళ్ళీ బయటికి తోస్తుంది. కంత అంచులు కత్తుల్లా ఉంటాయి. లైఫ్ జాకెట్ వేసుకుంటే మునగరు, కానీ గీసుకుపోకుండా జాకెట్ కాపాడదు. గైడ్ వద్దంటే ఆగిపోవాలి, "ఇంత దూరం వచ్చాం కదా" అని బతిమాలకూడదు. హిడెన్ బీచ్ కాస్త నయం, బండల చాటుగా తిరిగి వెళ్ళాలి. మాటిన్‌లాక్ మీద 1982లో కట్టిన మేరీమాత మందిరం ఉంది, దాని పక్కన రాతి మీదికి ఎక్కితే ఆ రెండు ద్వీపాల మధ్య జలసంధి మొత్తం కనిపిస్తుంది. అది తెరిచి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. హెలికాప్టర్ ద్వీపం అసలు పేరు దిలుమకాడ్. ఆకారాన్ని బట్టి ఆ రెండో పేరు పెట్టారు.

ప్యాకేజీల్లో సి యాత్రని అందరికీ ఒకే మాదిరిగా అంటగట్టడమే మాకు నచ్చని అతి పెద్ద విషయం. అరవై దాటిన అమ్మానాన్నలతో, ఆరేళ్ళ పిల్లలతో వెళ్ళేవాళ్ళకి సి బదులు డి ఇవ్వాలి. డి యాత్ర కాడ్లావ్ ద్వీపం చుట్టూ తిరుగుతుంది. అఖాతంలో ఎత్తైన ద్వీపం అదే, శిఖరం 600 మీటర్లకు పైనే. పట్టణానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి ప్రయాణం తక్కువ, తీరాల్లో రద్దీ తక్కువ. ధర కూడా తక్కువే, బహుశా అందుకే ఏజెంట్లు దాని ఊసెత్తరు.

బి యాత్రకి ఆటుపోట్లు ముఖ్యం. పాము ద్వీపమని పిలిచే విగాన్ దగ్గర మెలికలు తిరిగిన ఇసుక దారి ఆటు వేళ బయటపడుతుంది, పోటులో మోకాళ్ళ దాకా నీళ్ళొస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా ఎక్కువ. ముందురోజు సాయంత్రం ఆటు వేళ కనుక్కుని, ఆ గంటకి అక్కడుండేలా మజిలీల వరస మార్చమని అడగాలి. కుదుగ్నోన్ గుహలోకి కూర్చుని పాకే కంత ఉంది. కెథడ్రల్ గుహని పడవలోంచి చూడటమే.

రాళ్ళ గురించి ఇంకొక్క మాట. మన బంజారాహిల్స్ గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి, గుండ్రంగా, నున్నగా అరిగిపోయినవి. బకుయిట్ సున్నపురాయి పెర్మియన్ యుగం నాటిది, 25 కోట్ల ఏళ్ళు దాటింది. ఉత్తర పలావాన్ నేల ఒకప్పుడు చైనా దక్షిణపు అంచుకి అతుక్కుని ఉండేది. సుమారు 3 కోట్ల ఏళ్ళ క్రితం దక్షిణ చైనా సముద్రం విచ్చుకోవడం మొదలయ్యాక విడిపోయి కిందికి జరిగింది. సున్నపురాయి గ్రానైటులా నున్నగా అరగదు, కరిగి సూదుల్లా తేలుతుంది. అందుకే రబ్బరు అడుగున్న నీటి బూట్లు తప్పనిసరి. హవాయి చెప్పులు మొదటి మజిలీలోనే కొట్టుకుపోతాయి. కాటన్ చుడీదార్లు, జీన్సు నీళ్ళలో బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి. పొడుగు చేతుల సింథటిక్ టీ షర్టు, ట్రాక్ ప్యాంటు మేలు.

ప్యాకేజీలో అసలే లేనిది ఈ ప్రాంతపు చరిత్ర. ఊరి పాత పేరు తలిందాక్. స్పెయిన్ పాలనలో 1890లో బకుయిట్ అయింది. 1916లో తాయ్‌తాయ్ నుంచి విడిపోయి సొంత మున్సిపాలిటీ అయింది. 1954లో ఎల్ నిడో అని పేరు మార్చారు. స్పానిష్‌లో గూడు అని అర్థం. ఏ గూడు? ఈ సున్నపురాయి గుహల్లో స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పిట్టలు తమ లాలాజలంతో కట్టే గూళ్ళు. స్థానికంగా ఆ పిట్ట బలిన్‌ససాయవ్. చైనా వంటల్లో సూపుకి వాడే ఆ గూళ్ళ కోసం చైనా వర్తకులు ఇక్కడికి వచ్చేవారు. గూళ్ళు తీసేవాళ్ళని బుస్యదోర్ అంటారు, వెదురు గడలు కట్టుకుని నిట్టనిలువు గుహల్లోకి ఎక్కుతారు. నల్లమలలో కొండ అంచున తాడు మీద వేలాడుతూ తేనె తీసే చెంచుల పనితనం తెలిసినవాళ్ళకి ఆ నైపుణ్యం విలువ చెప్పక్కర్లేదు. పర్యాటకం మొదలైంది చాలా తర్వాత, 1980ల మొదట్లో మినిలాక్ మీద డైవింగ్ కేంద్రం వచ్చాక.

ఇంకా వెనక్కి వెళ్తే, న్యూ ఇబజాయ్ బరంగాయ్‌లో దేవిల్ లోయ ఉంది. అక్కడి "ఇల్లే" అనే గుహలో సుమారు 9 వేల ఏళ్ళ నాటి దహన సంస్కారపు ఆనవాళ్ళు, పులి ఎముకలు దొరికాయి. ఇప్పుడు పలావాన్‌లో పులుల్లేవు. సముద్రం కిందికి ఉండి, ఈ నేల విశాలంగా పరుచుకున్న రోజుల గుర్తులవి. లగూన్లు చెప్పే కథే ఎముకలూ చెబుతున్నాయి. పడవ యాత్రలు దీన్ని తాకవు. రోడ్డు మీద వెళ్ళాలి, వ్యాన్ మాట్లాడుకుంటే సగం రోజు పని. అక్కడి నుంచి తూర్పు తీరంలోని సిబల్తాన్‌కి వెళ్తే కూయో దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డ కూయోనోన్ జనం ఇంటి తీరుని చూపే చిన్న ప్రదర్శనశాల ఉంది. ప్యూర్టో ప్రిన్సెసా నుంచి వ్యాన్‌లో వచ్చేవాళ్ళు తాయ్‌తాయ్‌లో అరగంట ఆగితే సముద్రపు ఒడ్డున శాంటా ఇసబెల్ కోట చూడవచ్చు. 1667లో మొదలుపెట్టిన ఆ కోట 1738లో పూర్తయింది. నాలుగు రాత్రుల్లో ఒక రోజు దీనికి పెట్టమని గట్టిగా చెబుతాం.

భోజనం దగ్గర శాకాహారులు జాగ్రత్తపడాలి. పడవ భోజనంలో నిప్పుల మీద కాల్చిన చేప, పంది మాంసం, అన్నం, పుచ్చకాయ, అరటిపండ్లు ఉంటాయి. "కూరగాయలు" అని అడిగితే పెట్టే పినక్బెత్‌లో కూడా బాగోఒంగ్ ఉంటుంది. అది పులియబెట్టిన రొయ్యల ముద్ద. పాతిస్ అంటే చేపల ఊట, ఉప్పు బదులు పోస్తారు. "వెజ్" అన్న మాట సరిపోదు. "వలాంగ్ కార్నే, వలాంగ్ ఇస్దా, వలాంగ్ బాగోఒంగ్, వలాంగ్ పాతిస్" అని ముందురోజే రాసివ్వాలి. మాంసం, చేప, ఆ ముద్ద, ఆ ఊట లేకుండా అని అర్థం. మాంసాహారులకి సినిగాంగ్ బాగా నచ్చుతుంది, అది చింతకాయ పులుసుకి దగ్గరి చుట్టం, కారం మాత్రం ఉండదు. కందిపొడి, పచ్చడి సీసా చెక్-ఇన్ సంచిలో పెట్టుకోండి, చేతి సంచిలో ఆపుతారు. జీడిపప్పు పలావాన్ పంట, కాల్చినది ఊళ్ళో అంతటా దొరుకుతుంది.

రుసుముల విషయానికొస్తే, పర్యావరణ రుసుము ఒకసారి కడితే పది రోజులు చెల్లుతుంది. రసీదు తడవకుండా దాచుకోవాలి, ప్రతి యాత్రకీ అడుగుతారు. లగూన్ ప్రవేశం విడి. "అన్నీ కలిపి" అన్న ప్యాకేజీలో ఈ రెండూ, కయాక్ అద్దె ఉన్నాయా అని పేరు పేరునా అడగండి. ఇదంతా 1998లో ప్రకటించిన రక్షిత ప్రాంతం, తాయ్‌తాయ్‌తో కలిపి దాదాపు 90 వేల హెక్టార్లు. పారేసే ప్లాస్టిక్ సీసాలు పడవలోకి తేకూడదు. స్టీలు సీసా ఇంటి నుంచే తీసుకెళ్ళండి. పగడాల మీద నిలబడకూడదు. పట్టణం ముందున్న తీరంలో స్నానం వద్దు. 2018లో అక్కడి నీటిలో మురుగు కలిసిందని చూపే కోలిఫాం బ్యాక్టీరియా పరిమితి దాటినట్టు తేలి, ఒడ్డుకి ఆనుకుని కట్టిన కట్టడాల్ని ప్రభుత్వం తీయించింది. ఈతకి లియో తీరం గానీ, ఉత్తరాన నాలుగు కిలోమీటర్ల పొడవున్న నక్పాన్ తీరం గానీ వెళ్ళాలి. ఇసుకలో నిక్‌నిక్ అనే చిన్న ఈగలు కుడతాయి, దద్దుర్లు వారం పాటు దురద పెడతాయి. కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటే చాలావరకు దగ్గరికి రావు.

ప్రయాణం సంగతి: శంషాబాద్ నుంచి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్, హాంకాంగ్ లాంటి ఏదో ఒకచోట విమానం మారి మనీలా చేరాలి. 2025 జూన్ నుంచి భారత పాస్‌పోర్టు మీద పర్యాటకానికి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు, కానీ ఆ గడువు పొడిగించరు. తిరుగు టికెట్టు, బస కాగితాలు, ఆరు నెలల చెల్లుబాటున్న పాస్‌పోర్టు చూపించాలి. టికెట్టు కొనేరోజు నిబంధన మరోసారి సరిచూసుకోండి. దిగడానికి ముందు 72 గంటల లోపు ఈట్రావెల్ అనే ఆన్‌లైన్ నమోదు చేయాలి, అది ఉచితం. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. మనీలాలో టెర్మినళ్ళు దూరదూరంగా ఉన్నాయి, మారడానికి రోడ్డు మీద ట్రాఫిక్‌లో వెళ్ళాలి. రెండు విమానాల మధ్య నాలుగు గంటలైనా ఉంచాలి.

ఎల్ నిడోలోని లియో విమానాశ్రయానికి చిన్న ఏటీఆర్ విమానాలు వెళ్తాయి. ఖరీదు ఎక్కువ, సామాను పరిమితి తక్కువ, పెద్ద సూట్‌కేసుకి అదనంగా కట్టాలి. ప్యూర్టో ప్రిన్సెసాకి పెద్ద విమానం చవక, కానీ అక్కడి నుంచి వ్యాన్‌లో అయిదారు గంటలు మలుపుల దారి. వాంతులయ్యేవాళ్ళు ముందు సీటు అడగాలి, మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి. ఏటీఎంలు ఊళ్ళో తక్కువ, వారాంతాల్లో ఖాళీ అవుతాయి. పడవ, కయాక్, రుసుములన్నీ నగదే కాబట్టి మనీలాలోనే పెసోలు మార్చుకోండి. అక్కడి సాకెట్లకి బల్లపరుపు పిన్నులు, మన గుండ్రటి పిన్నులు చాలాచోట్ల పట్టవు.

చివరి రాత్రి ఎల్ నిడోలో పెట్టుకోకండి. మబ్బు పట్టి ఏటీఆర్ ఆగిపోయినా, కొండ దారిలో మట్టి జారి వ్యాన్ ఆలస్యమైనా సింగపూర్ విమానం మీ కోసం ఆగదు. ప్యాకేజీలో మొదటి రోజు పెట్టే ఆ మనీలా రాత్రి ఉంది చూడండి, దాన్ని తీసి ఆఖరికి మార్చమనండి. ఏజెంటుకి అదనపు ఖర్చేమీ ఉండదు.